పునాదికి ముగ్గు పోయకముందే



పోస్టు పెద్దదే. టైం ఉన్నప్పుడు చదవండి, కానీ చదవండి. ముఖ్యంగా రెండు రకాలవాళ్లు చదవాలి. మన గూడేల నుంచి, తండాల నుంచి వచ్చి గగన్‌పహాడ్, కాటేదాన్, శంషాబాద్ షెడ్లలో హెల్పర్లుగా చేస్తున్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మొదటివాళ్లు. ఊళ్లో సంఘం పెట్టుకొని ఇప్పపువ్వుతోనో, చింతపండుతోనో, కొర్రలు సామలతోనో ఏదో ఒక యూనిట్ నడపాలని చూస్తున్న తల్లుల పిల్లలు రెండోవాళ్లు. ఈ ఇద్దరినీ కలిపే సంగతి ఒకటి ఈ ఎండాకాలం నాకు అర్థమైంది. అది రాస్తున్నా.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది ఏటూరునాగారం ఏజెన్సీలో ఒక కోయ గూడెం. అమ్మ బడి మొహం చూడలేదు. నాన్న మూడో తరగతి. ఎండాకాలం తునికాకు, తర్వాత పోడు, మిర్చి సీజన్‌లో తోటల్లో కూలి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. మెకానికల్ ఇంజనీరింగ్‌లో రెండో ఏడాది అయిపోయింది. హాస్టల్లో ఉంటా. సెలవుల్లో ఆరు వారాలు గగన్‌పహాడ్‌లో ఒక పల్లీపట్టీ ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్ చేశా. ఫ్యాక్టరీ పేరు చెప్పను, అవసరం లేదు.

గగన్‌పహాడ్ తెలియనివాళ్లకు చెప్తా. ఆరాంఘర్ దాటి బెంగళూరు హైవే మీద శంషాబాద్ వైపు పోతుంటే తగులుతుంది. రోడ్డుకు అటూ ఇటూ షెడ్లు, గోడౌన్లు, లోడు కోసం ఆగిన లారీలు. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైనప్పటి నుంచి పైన విమానాలు, కింద లారీలు. మొదటి రోజు చూస్తే అన్ని షెడ్లూ ఒక్కలాగే కనిపించాయి. రేకులు, షట్టరు, వాచ్‌మన్, పంచ్ మిషన్. లోపలికి పోయాకే తెలిసింది ఏ రెండు షెడ్లూ ఒకటి కావని.

మా సబ్జెక్టులో ప్లాంట్ లేఅవుట్ అని ఒక పాఠం ఉంది. నాలుగు రకాల లేఅవుట్లు, వాటి లాభాలు, నష్టాలు. పరీక్షకి ఐదు మార్కుల ప్రశ్న. ఒకే రకం మిషన్లన్నీ ఒకచోట పెడితే ప్రాసెస్ లేఅవుట్, సరుకు తయారయ్యే వరుసలో మిషన్లు పెడితే ప్రాడక్ట్ లేఅవుట్, విమానం లాంటి పెద్ద వస్తువు కదలకుండా మనుషులూ పనిముట్లూ దాని దగ్గరికి పోతే ఫిక్స్‌డ్ లేఅవుట్, ఇంచుమించు ఒకే దారిలో తయారయ్యే కొన్ని సరుకులకు కలిపి ఒక గుంపు మిషన్లు పెడితే గ్రూప్ లేఅవుట్. నేనూ అట్లనే రాసి పాసయ్యాను. గగన్‌పహాడ్‌లో అదే పాఠం కాళ్లతో చదివించారు.

పల్లీపట్టీ ఎట్ల తయారవుతుందో అందరికీ తెలుసు. గోనె సంచుల్లో పల్లీలు వస్తాయి. రాళ్లు, మట్టి ఏరాలి. వేయించాలి. చల్లారాక పొట్టు తీయాలి. ఇటు బెల్లం కరగబెట్టి, వడగట్టి, ముదురు పాకం పట్టాలి. రెండూ కలపాలి. వేడి మీదే బల్ల మీద పోసి రోలర్‌తో పరచాలి. పూర్తిగా గట్టిపడకముందే కోయాలి. చల్లారబెట్టాలి. కవర్లో పెట్టి సీల్ చేయాలి. డబ్బాల్లో సర్దాలి. ఇంతే.

నేను పోయిన షెడ్డు పల్లీపట్టీ కోసం కట్టింది కాదు. ఎవరిదో గోడౌన్. అద్దెకు తీసుకొని, మిషన్లు ఒక్కొక్కటే కొంటూ, ఖాళీ ఎక్కడుంటే అక్కడ పెట్టుకుంటూ పోయారు. కరెంటు ప్యానెల్ ముందు వైపు ఉందని పొట్టు మిషన్ ముందు పెట్టారు. పొగ బయటికి పోవాలని వేయించే డ్రమ్ము వెనక మూలన పెట్టారు. పాకం పొయ్యి మధ్యలో. చల్లారబెట్టే బల్ల ఆ పొయ్యి పక్కన, ఎందుకంటే ఆ బల్ల అక్కడే పట్టింది. ఒక్కోటి విడిగా చూస్తే దేనికీ తప్పు పట్టలేం. అన్నీ కలిపి చూస్తేనే తెలుస్తుంది.

అక్కడి ప్రొడక్షన్ సార్ నాకు మొదటి వారం ఒకటే పని చెప్పాడు. టేపు, సుద్దముక్క, షెడ్డు ప్లాన్ గీసిన కాగితం ఇచ్చి, "ఒక సంచి వెనక పడు. అది పట్టీ అయి డబ్బాలోకి పోయేదాకా యాడికి పోతే ఆడికి పో. దారంతా గీయి" అన్నాడు. మూడు రోజులు అదే పని. కాగితం మీద గీతలు కలిపితే పిల్లి ఆడుకున్న దారపుండ లాగా వచ్చింది. వేయించిన పల్లీ ట్రే పొట్టు మిషన్‌కు, అక్కడి నుంచి మళ్లీ పాకం దగ్గరికి, చివరికి ప్యాకింగ్‌కు చేరేసరికి 214 అడుగులు. నేరుగా కొలిస్తే డ్రమ్ముకూ ప్యాకింగ్ బల్లకూ మధ్య 48 అడుగులే. రోజుకు 40 ట్రేలు. ఒకవైపు లెక్కే రెండున్నర కిలోమీటర్ల పైన. ఖాళీ ట్రేలు వెనక్కి తేవడం కలిపితే ఐదు దాటింది.

ఆ ఐదు కిలోమీటర్లు నడిచేది మిషన్ కాదు కదా. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒక అక్క నడిచేది. లెక్క చెప్పినప్పుడు ఆమె నవ్వి, "మోకాళ్ల నొప్పులు వయసుతోటి వచ్చినయనుకున్న తమ్మీ" అంది. ఆమె వయసు ముప్పై నాలుగు. ఆ నడకకు పట్టీ ధరలో ఒక్క పైసా పెరగదు. రుచీ పెరగదు. కొన్నవాడికి దానితో పనే లేదు. కానీ ఆమె రోజు దాంట్లోనే అయిపోతుంది.

నడక ఒక్కటే కాదు. వేయించిన పల్లీలు పోయే దారి, పచ్చి సంచులు దిగే షట్టరు ముందు నుంచే. సంచి దులిపితే లేచే మట్టి తినడానికి సిద్ధమైన సరుకు మీద పడుతుంది. ఆహార భద్రత నిబంధనల్లో 4వ షెడ్యూల్ అని ఒకటుంది. పచ్చి సరుకు దారీ తయారైన సరుకు దారీ కలవకుండా చూడాలనేది అందులోని ముఖ్యమైన సంగతి. బెల్లం ఇంకో కథ. బెల్లం గాలిలో తేమను పీల్చుకుంటుంది. చల్లారే బల్ల పొయ్యి పక్కన ఉంటే మే నెలలో పట్టీ ఎప్పటికి చల్లారాలి? వేడి తగ్గకముందే సీల్ చేస్తే కవర్ లోపల చెమట పడుతుంది. పది రోజుల్లో పట్టీ మెత్తబడి జిగురవుతుంది. దుకాణం నుంచి పెట్టెలు తిరిగొస్తాయి. బెల్లం బాగాలేదని బెల్లం వ్యాపారితో గొడవ. అసలు గొడవ బల్లకూ పొయ్యికీ మధ్య.

వాళ్లు కొత్త షెడ్డుకు మారబోతున్నారు. అందుకే నాకు ఆ పని దొరికింది. సార్ ఎట్ల మొదలుపెట్టాడో జాగ్రత్తగా చూశా. మొదట సరుకు ఏంది, రోజుకు ఎంత కావాలి. తర్వాత అది తయారయ్యే మెట్లు వరుసగా. ఏ మెట్టుకు ఎంతసేపు, ఎంతమంది. ఆ తర్వాత ఏది దేని పక్కన ఉండాలి, ఏది దేనికి దూరంగా ఉండాలి. ఆ తర్వాత ఒక్కో మిషన్‌కూ దాని చుట్టూ మనిషి తిరగడానికీ ఎంత జాగా. గోడలు చివరికి. "గోడ ముందు కడితే పని గోడ చెప్పినట్టు వింటది. పని ముందు రాస్తే గోడ పని చెప్పినట్టు వింటది" అనేవాడు.

పక్కన ఉండాలా దూరంగా ఉండాలా అనేదానికి ఒక పద్ధతే ఉంది. అమెరికాలో రిచర్డ్ మ్యూథర్ అనే ఇంజనీరు 1961లో పుస్తకంగా తెచ్చాడు. ప్రతి రెండు పనుల మధ్యా ఒక అక్షరం రాస్తారు. ఏ అంటే తప్పకుండా పక్కపక్కనే. తర్వాత ఈ, ఐ, ఓ, యూ, అంటే అవసరం తగ్గుకుంటూ పోతుంది. ఎక్స్ అంటే ఈ రెండూ దగ్గర ఉండనే కూడదు. పాకం పొయ్యికీ పరిచే బల్లకూ మధ్య ఏ, ఎందుకంటే పాకం నిమిషాల్లో బిగుసుకుపోతుంది. పొయ్యికీ చల్లారే బల్లకూ మధ్య ఎక్స్. కాగితం మీద ఈ అక్షరాలు నింపేసరికి షెడ్డు సగం దానంతటదే వచ్చేసింది. కొత్త ప్లాన్‌లో ట్రే దారి 70 అడుగులకు దిగింది. రానూ పోనూ కలిపి రోజుకు రెండు కిలోమీటర్ల లోపే.

ఇది చిన్న షెడ్లకే అనుకోకండి. ఫోర్డ్ కారు గురించి మా క్లాసులో అందరూ చదివాం. 1910లో హైలాండ్ పార్క్‌లో ఆల్బర్ట్ కాన్ డిజైన్‌తో నాలుగంతస్తుల ఫ్యాక్టరీ తెరిచారు. విడిభాగాలు పై అంతస్తుల్లో చేసి కిందికి జార్చేవాళ్లు. మన రైస్ మిల్లు లాగానే. మిల్లులో ఎలివేటర్ వడ్లను ఒకసారి పైకి ఎత్తుతుంది, తర్వాత బరువే వాటిని ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు దించుతుంది. 1913లో ఫోర్డ్ కదిలే లైన్ పెట్టాక ఒక ఛాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది గంటన్నరకు వచ్చింది. దాంతో పని దారి అడ్డంగా సాగింది. నాలుగంతస్తులు ఇరుకైపోయాయి. తర్వాత రివర్ రూజ్‌లో ఒకే అంతస్తుతో పొడుగాటి షెడ్లు కట్టుకున్నారు. మొదటి బిల్డింగ్ పాడైపోలేదు. పని దారి మారింది, అంతే.

మన దగ్గరే చూడండి. ఎయిర్‌పోర్టు పక్కన ఏరోస్పేస్ పార్కులో సఫ్రాన్ కంపెనీ లీప్ విమాన ఇంజన్లు బాగుచేసే కేంద్రం 2025 నవంబర్‌లో మొదలైంది. 45,000 చదరపు మీటర్ల జాగా. పూర్తి స్థాయికి వచ్చాక ఏడాదికి 300 ఇంజన్లు చేయాలని లెక్క. నేను లోపలికి పోలేదు. కానీ ఇంజన్ రిపేరు మెట్లు మాకు చెప్పారు. విప్పాలి, కడగాలి, పరీక్షించాలి, బాగుచేయాలి లేదా మార్చాలి, మళ్లీ బిగించాలి, చివరికి గట్టి గోడల గదిలో నడిపి చూడాలి. పల్లీ లోపలికి సంచిలో పోయి బయటికి పట్టీగా వస్తుంది. ఇంజన్ ఇంజన్‌గా పోయి ఇంజన్‌గానే రావాలి. వేల ముక్కలుగా విడిపోయి, ఒక్కో ముక్క ఒక్కో బల్లకు తిరిగి, అన్నీ ఒకే రోజుకు ఒకేచోట కలవాలి. ఒక్క ముక్క ఆలస్యమైతే మొత్తం ఇంజన్ ఆగుతుంది. ఆ పనికి తగ్గ కప్పు, ఆ పనికి తగ్గ క్రేన్, ఆ పనికి తగ్గ నేల. పెద్దవాళ్లు పనిని చూసి బిల్డింగ్ కడతారు. చిన్నవాళ్లకేమో ముందు బిల్డింగ్ ఇచ్చి, అందులో పని చేసుకోండి అంటారు. నా కోపం అక్కడ మొదలైంది.

గగన్‌పహాడ్ ఇంకో పాఠం కూడా చెప్పింది. పని దారిలో నీళ్ల దారి కూడా ఉంటుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి కుండపోత వానకు ఇక్కడి అప్ప చెరువు పొంగి తెగింది. హైవే కోసుకుపోయింది. బండ్లు కొట్టుకుపోయాయి, మనుషులు చచ్చిపోయారు. 2024 ఆగస్టులో ఆ చెరువు జాగాలో కట్టిన షెడ్లను హైడ్రా కూల్చింది. లోపల మిషన్లు ఎంత చక్కటి వరుసలో పెట్టినా సరే, షెడ్డు చెరువు దారిలో కూర్చుంటే ఆ వరుస దేనికి పనికొస్తుంది? వాన నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో కాగితం మీద మొదటి గీతగా గీయాలి. మన గూడేల్లో పెద్దవాళ్లు ఇల్లు కట్టేముందు ఒక వానాకాలం జాగా చూస్తారు. అది అదే లెక్క.

ఇప్పుడు అసలు విషయం.

మా గూడెంలో ఆడవాళ్ల సంఘం ఉంది. మా అమ్మ అందులో సభ్యురాలు. ఇప్పపువ్వు లడ్డూలు చేసే యూనిట్ కోసం షెడ్డు మంజూరైంది. ఉట్నూరు వైపు ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తూ పేరు తెచ్చుకున్నారు కదా, మావాళ్లకు అదే ఆశ. జూన్ మొదట్లో డ్రాయింగ్ ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. అమ్మకు అది అర్థం కాక నాకు పంపించింది. చూడగానే తెలిసింది. ఒక పెద్ద హాలు, ముందు వరండా, ఒకటే తలుపు, మూలన 10 అడుగుల పొడవు 10 అడుగుల వెడల్పు స్టోరు గది. అది కమ్యూనిటీ హాల్ డ్రాయింగ్. పైన పేరు మాత్రం మార్చారు. ఏ ఆఫీసు గీసిందో ఇక్కడ అనవసరం. ఇట్లాంటివి చాలా గూడేల్లో తాళాలు వేసి ఉన్నాయని మీకు తెలుసు. మిషన్లు మూలన తుప్పు పడతాయి. ఆఖరికి అందరూ చెప్పే మాట ఒకటే: "వాళ్లకు షెడ్డు ఇచ్చినా నడుపుకోవడం రాలే." ఆ మాట నాకు మంట.

ఊరికి పోయాను. సంఘం వాళ్లను కల్లం దగ్గరికి పిలిచి, ముగ్గుతో నేల మీద షెడ్డును నిజం కొలతలో గీశాను. తలుపు దగ్గర రెండు రాళ్లు. కడాయికి ఒక చాట, గ్రైండర్‌కు రోలు, ప్యాకింగ్ బల్లకు మంచం. అమ్మ బుట్ట ఎత్తుకొని సంచి లాగా నడిచింది. పది నిమిషాల్లో నలుగురు ఒకే తలుపు దగ్గర ఢీకొన్నారు. అందరూ నవ్వారు. తర్వాత నవ్వు ఆగి, ఒక్కొక్కరే మాట్లాడటం మొదలైంది. ఆ రోజు నేను చెప్పింది కొంచెమే. రాసుకున్నదే ఎక్కువ.

ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్‌లో రాలుతుంది. తెల్లారకముందే ఏరుకోవాలి. ఎండబెట్టాలి. లోపలి కేసరాలు తీయాలి. కడగాలి, మళ్లీ ఆరబెట్టాలి. వేయించాలి. నువ్వులు, పల్లీలు విడిగా వేయించాలి. దంచాలి. బెల్లంతో కలిపి లడ్డూ చుట్టాలి. "పువ్వు ఆరకుండా సంచి కడితే లోపల వేడి పుట్టి నల్లబడతది" అని ఒక పెద్దమ్మ చెప్పింది. అంటే ఆరబెట్టే గచ్చు ఈ పనిలో మొదటి మెట్టు. డ్రాయింగ్‌లో అది లేనే లేదు. "ఎండాకాలం గాలి అటు నుంచి ఇటు కొడతది, కడాయి ఇటు పెడితే పొగంతా చుట్టేవాళ్ల మొహాన" అని ఇంకొకామె. చంటిపిల్లల ఉయ్యాల ఎక్కడ కడతారని అమ్మ అడిగింది. ఏ పుస్తకంలోనూ ఆ ప్రశ్న నేను చూడలేదు. కడాయికీ ఉయ్యాలకూ మధ్య ఎక్స్, లడ్డూ చుట్టేచోటుకూ ఉయ్యాలకూ మధ్య ఏ. తల్లి కళ్లకు బిడ్డ కనిపించకపోతే చెయ్యి పని మీద ఉండదు.

తర్వాత లెక్కలు వేశాం. రోజుకు 100 కిలోల లడ్డూ, ఒక్కోటి 40 గ్రాములు. అంటే 2,500 లడ్డూలు. ఒక మనిషి గంటకు 300 చుడుతుంది అనుకుంటే ఇద్దరికి నాలుగు గంటల పైన కొంచెం. చుట్టడం కష్టం కాదు. పువ్వు, నువ్వులు, పల్లీలు కలిపి రోజుకు 70 కిలోలు వేయించాలి. కడాయిలో ఒకసారికి 5 కిలోలు, 25 నిమిషాలు. గంటకు 12 కిలోలు. ఆరు గంటలు ఆపకుండా వేయిస్తే 72. అంటే పనంతా కడాయి దగ్గర ఆగుతుంది. చుట్టేవాళ్లను పదిమందిని పెట్టినా లడ్డూలు పెరగవు. రెండో కడాయికి జాగా ఇప్పుడే వదలాలి. ఇది తెలియకపోతే రేపు మనుషులను పెంచి, కూలి పెంచి, ఎందుకు నష్టం వచ్చిందో తెలియక మూసేస్తారు.

అన్నిటికంటే పెద్దది స్టోరు. పువ్వు రాలేది కొన్ని వారాలే. లడ్డూ మిగతా నెలలన్నీ చేయాలి. రోజుకు 40 కిలోల పువ్వు చొప్పున 200 రోజులు నడపాలంటే 8,000 కిలోలు. 40 కిలోల సంచులైతే 200. ఆ 10కి 10 గదిలో గోడకు అడుగు వదిలి, మనిషి పోయే దారి వదిలితే, ఆరు వరుసల ఎత్తున పేర్చినా 42 సంచులు. అప్పుడు సంఘం పెద్దక్క అంది: "200 సంచులు ఎవరిస్తరు? ఇంట్లకు ఉంచుకోవాలె, పండుగలకు ఉంచుకోవాలె. సంఘానికి మూడు టన్నులొస్తే గొప్ప." మూడు టన్నులంటే 75 సంచులు, 75 రోజుల పని. మరి మిగతా రోజులు? చింతపండు ఉంది, కొర్రలు, సామలు ఉన్నాయి. వాటికీ వేయించేది, దంచేది, ప్యాక్ చేసేది అవసరమే. అంటే మాకు కావాల్సింది ఇప్పపువ్వు యూనిట్ కాదు. సీజన్‌ను బట్టి సరుకు మారే యూనిట్. పుస్తకంలో గ్రూప్ లేఅవుట్ అన్నది ఇదే. మిషన్లు నేలకు బిగించకుండా చక్రాల మీద ఉండాలి, ప్లగ్ పాయింట్లు రెండు గోడలకూ ఉండాలి, స్టోరు రెట్టింపు కావాలి. త్రీ ఫేజ్ లైన్ ఎంత దూరంలో ఉందో కూడా అడగాలి. గ్రైండర్ మోటారు వచ్చాక చూసుకుందాం అంటే అది మూలనే ఉంటుంది.

ఇవన్నీ ఒక పెద్ద కాగితం మీద గీసి, సంఘం వాళ్ల వేలిముద్రలు, సంతకాలు పెట్టించి ఇంజనీరు సార్‌కు ఇచ్చాం. ఆయన కసరలేదు, అది చెప్పాలి. ఓపిగ్గా చూశాడు. వెనక వైపు రెండో తలుపు ఒప్పుకున్నాడు. లోపలి గోడ జరిపి స్టోరు 20 అడుగులు చేయడానికీ ఒప్పుకున్నాడు, ఖర్చు పెద్దగా పెరగదు కాబట్టి. ఆరబెట్టే గచ్చు ఎస్టిమేట్‌లో లేదు, కుదరదన్నాడు. షెడ్డును గాలికి తగ్గట్టు తిప్పడం కూడా కుదరదు, కొలతలు పైకి పోయాయన్నాడు.

ఇక్కడ మా గూడెం రెండుగా చీలింది. గచ్చు లేకుండా, పొగ మొహాన కొట్టే షెడ్డు మాకొద్దు, మార్చి ఇవ్వండి అని అమ్మ, ఇంకో ఆరుగురు. "వచ్చినదాన్ని వద్దంటే మళ్లీ రాదు. గడువు దాటితే పైసలు వెనక్కి పోతయి. ముందు కట్టనీయండి, తర్వాత చూసుకుందాం" అని పెద్దక్క, గూడెం పెద్దలు. వాళ్లది తప్పని నేను అనలేను. ఇరవై ఏళ్లు ఎదురుచూసినవాళ్లకు చేతికి వచ్చింది జారిపోతుందన్న భయం ఎట్ల ఉంటుందో నాకు తెలుసు. షెడ్డు పోతే నింద అమ్మ మీద, నా చదువు మీద. "ఒక్కడు చదువుకొని వచ్చి ఉన్నది పోగొట్టిండు" అంటారు. రాత్రి అమ్మ ఒకటే అడిగింది: "నువ్వు గీసింది నిజంగా అట్లనే అయితదా?" నడక, స్టోరు, కడాయి, ఈ మూడింటి లెక్క నిజమని చెప్పాను. లడ్డూ అమ్ముడుపోతుందా అనేది నా గీతలతో తేలదని కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే సభల అడుగుదాం" అంది.

సభ అంటే గ్రామసభ. మనకు అది ఊరికే దక్కలేదు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఊరి అభివృద్ధి ప్లాన్లు, పథకాలు, ప్రాజెక్టులు పంచాయతీ అమలు చేయకముందు గ్రామసభ ఆమోదం ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో దానికి నియమాలు కూడా వచ్చాయి. మనం ఆ సభను పేర్లు రాసుకోవడానికే వాడుతున్నాం. డ్రాయింగ్ చూపించమని అడగడానికి కూడా అదే సభ. పునాదికి ముగ్గు పోసిన తర్వాత అడిగితే ఎవరూ వినరు. ముగ్గు పోయకముందు అడిగితే గోడ జరపడానికి ఒక గీత చెరిపితే చాలు.

మా సంఘం రెండు పక్షాలూ ఒక మాటకు వచ్చాయి. షెడ్డు వద్దనరు. కానీ గచ్చు కోసం వేరే పద్దు చూపించేదాకా, కనీసం కడాయి వైపు గోడకు జాలీ, పైన పొగ గొట్టం రాసేదాకా ముగ్గు పోయనీయరు. గచ్చుకు మట్టి, రాయి, కూలి తామే పెట్టుకుంటామని, సిమెంటు మాత్రం ఇవ్వమని పెద్దక్కే రాయించింది. గూడెం పెద్దలు తల ఊపారు, సగం మనసుతోనే.

మీలో ఎవరి ఊళ్లోనైనా ఇట్లాంటి షెడ్డు వస్తుంటే ఈ ప్రశ్నలు అడగండి. సరుకు ఏది, రోజుకు ఎంత? ఏ నెలల్లో దొరుకుతుంది, ఎంత దాచాలి? మెట్లు ఎన్ని, ఏ మెట్టు దగ్గర పని ఆగుతుంది? పచ్చి సరుకు ఏ తలుపున వస్తుంది, తయారైంది ఏ తలుపున పోతుంది? పొగ, దుమ్ము, నీళ్లు ఎటు పోతాయి? కరెంటు ఎంత, ఎక్కడి నుంచి? రేపు ఇంకో కడాయి, ఇంకో మిషన్ వస్తే జాగా ఉందా? పిల్లల తల్లులు ఎక్కడ కూర్చుంటారు? జవాబులు ఆఫీసులో దొరకవు. మీ అమ్మలను నేల మీద గీసిన షెడ్డులో నడిపించండి, వాళ్లే చెప్తారు.

షెడ్లలో పనిచేస్తున్న అన్నలకు, అక్కలకు ఒక మాట. మీరు హెల్పర్లమే కదా అనుకోకండి. ఏ బల్ల ఏ పొయ్యికి దూరంగా ఉండాలో, ఏ దారిలో ట్రే తగులుకుంటుందో సూపర్‌వైజర్‌కంటే ముందు తెలిసేది ట్రే మోసేవాళ్లకే. డ్యూటీ అయ్యాక మీ షెడ్డును ఒక కాగితం మీద గీసి, మీ నడక గీసుకోండి. ఊళ్లో మన సంఘాలకు ఆ కాగితం పనికొస్తుంది. డబ్బులు పెట్టి కన్సల్టెంట్‌ను తెచ్చుకునే స్థోమత మనకు లేదు. మన కాళ్లకు తెలిసింది మన దగ్గరే ఉంది.

మా హాస్టల్లో మెకానికల్, సివిల్ కలిపి నలుగురం ఉన్నాం. మీ ఊరి డ్రాయింగ్ వస్తే ఇక్కడ పెట్టండి. రాత్రి భోజనాలయ్యాక కూర్చొని చూస్తాం, ఏం అడగాలో రాసి పంపిస్తాం. సంతకం పెట్టే అర్హత మాకింకా లేదు, ప్రశ్నలు రాసి ఇవ్వగలం.

మా గ్రామసభ వచ్చే నెలలో. ఏం తేలిందో, గచ్చు వచ్చిందో రాలేదో, ఇక్కడే రాస్తాను. షెడ్డు పోయినా రాస్తాను.

జోహార్.